ఒత్తి, కాయిల్, సెల్లు: అమెరికా ఈ-సిగరెట్ నడిచొచ్చిన దారి

పెన్సిల్వేనియా రాష్ట్రంలో బీవర్ ఫాల్స్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ పాత ఇనుప సామాను వ్యాపారం చేసుకునే హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లో పేటెంటు కోసం ఒక దరఖాస్తు పెట్టాడు. కొరియా యుద్ధంలో పనిచేసి వచ్చిన మనిషి. సిగరెట్ అలవాటూ ఉంది. ఆకునీ కాగితాన్నీ కాల్చబట్టే కదా ఈ బాధంతా, కాల్చకుండా పీల్చే ఉపాయం లేదా అన్నది ఆయన ఆలోచన. ఒక గొట్టం, అందులో బ్యాటరీ, దాని వేడికి వెచ్చబడే తడి, ఆ తడికి ఒక రుచి. నికోటిన్ ఊసే లేదు. 1965 ఆగస్టులో పేటెంటు చేతికొచ్చింది.

ఈ మధ్యలోనే, 1964 జనవరిలో, అమెరికా సర్జన్ జనరల్ లూథర్ టెర్రీ సిగరెట్టు ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని నివేదికతో తేల్చి చెప్పాడు. గిల్బర్ట్‌కు ఇంతకన్నా మంచి ముహూర్తం ఏముంటుంది? నమూనాలు పట్టుకుని కంపెనీల చుట్టూ తిరిగాడు. ఒక్కరూ ముందుకు రాలేదు. పేటెంటు గడువు తీరిపోయింది, గొట్టం కాగితం మీదే ఉండిపోయింది.

సిగరెట్ కంపెనీల స్వార్థమే దీనికి కారణమని చెప్పుకోవడం పరిపాటి. అందులో నిజం ఉంది కానీ సగమే. మిగతా సగం బ్యాటరీది. వేలెడు గొట్టంలో ఇమడాలి, పీల్చిన క్షణంలోనే తీగను వేడెక్కించాలి, రోజులో వందసార్లు ఆ పని చేయాలి, రాత్రికి మళ్లీ చార్జ్ ఎక్కాలి. ఆనాటి టార్చిలైటు సెల్లుకు అంత సత్తా లేదు. అమెరికాలో ఈ-సిగరెట్ కథను వ్యాపారం వైపు నుంచి, కోర్టు కేసుల వైపు నుంచి చాలామంది చెప్పారు. సెల్లు వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి కనబడుతుంది. సెల్లు మారిన ప్రతిసారీ, ఆ వస్తువును కొత్తగా చేతిలోకి తీసుకునే మనిషి కూడా మారాడు.

పొగ పీల్చే తీరు మారడం తెలుగువాళ్లకు వింత కాదు. గోదావరి లంకల్లో పండిన పొగాకుతో చుట్టలు చుట్టుకున్నారు. శ్రీకాకుళం తీరంలో ఆడవాళ్లు నిప్పున్న కొసను నోటిలోపల పెట్టుకుని అడ్డపొగ తాగారు. గుంటూరు నేలల్లో పెరిగే సిగరెట్ పొగాకుకు ఉన్న ‘వర్జీనియా’ అనే పేరు అమెరికాలోని ఒక రాష్ట్రానిది. చుట్టకైనా బీడీకైనా కావలసింది అగ్గిపుల్ల ఒక్కటే. ఈ-సిగరెట్టుతోనే మొదటిసారి పొగ అలవాటుకు వోల్టులు, ఆంపియర్లు వచ్చి చేరాయి. అందుకే ఈ కథలో కాస్త ఫిజిక్స్ తప్పదు.

గిల్బర్ట్ తర్వాత మరికొందరు ప్రయత్నించారు. కంప్యూటర్ రంగంలో తొలితరం ఇంజనీరైన ఫిల్ రే, డాక్టర్ నార్మన్ జేకబ్సన్‌తో కలిసి 1979 ప్రాంతంలో ‘ఫేవర్’ అనే పొగలేని సిగరెట్టును తయారుచేశాడు. దానిలో బ్యాటరీ లేదు, నికోటిన్ ఆవిరిని ఊరికే పీల్చుకోవడమే. అది నిలబడలేదు. దాని కోసం వాళ్లు వాడుకున్న ‘వేపింగ్’ అనే మాట మాత్రం నిలిచింది. 1988లో ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీ ‘ప్రీమియర్’ పేరుతో పొగాకును కాల్చకుండా వేడిచేసే సిగరెట్టును దించి, మరుసటి ఏడాదే వెనక్కి తీసుకుంది.

దారి తెరిచింది పొగాకు వ్యాపారులు కాదు, కెమెరాలు అమ్మేవాళ్లు. 1991లో సోనీ కంపెనీ చేతిలో పట్టుకునే వీడియో కెమెరాల కోసం లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. దాని వెనుక 1970ల్లో ఎక్సాన్ చమురు కంపెనీలో స్టాన్లీ విటింగ్‌హామ్ చేసిన పని ఉంది, 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడెనఫ్ కనిపెట్టిన లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ ఉంది, జపాన్‌లో అకిరా యోషినో కూర్చిన సెల్లు ఉంది. ఈ ముగ్గురికీ కలిపి 2019లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. వాళ్లలో ఎవరూ సిగరెట్టును ఊహించి ఉండరు. కానీ గిల్బర్ట్ గొట్టానికి కావలసిన బలమైన చిన్న సెల్లు చివరికి అక్కణ్ణించే వచ్చింది.

ఆ సెల్లును సిగరెట్టులో పెట్టినవాడు చైనాలోని షెన్‌యాంగ్‌కు చెందిన ఫార్మసిస్ట్ హాన్ లిక్. తానూ బాగా కాల్చేవాడు, తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. 2003లో ఆయన చేసిన పరికరం ‘రుయాన్’ పేరుతో అమ్మకానికి వచ్చింది. రుయాన్ అంటే ‘పొగలాంటిది’ అని అర్థం. మరో మూడు నాలుగేళ్లకు దాని తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఓడలెక్కి అమెరికా చేరాయి.

షాపింగ్ మాల్ నడవాల మధ్య చిన్న బల్లలేసుకుని అమ్మిన ఆ తొలి సరుకును అక్కడివాళ్లు ‘సిగాలైక్’ అన్నారు, అచ్చం సిగరెట్టులా ఉండేది కాబట్టి. తెల్లటి గొట్టం, గోధుమరంగు కొస, పీలిస్తే ముందుభాగంలో వెలిగే చిన్న లైటు. లోపల సన్నటి ఒత్తి, దాని చుట్టూ చుట్టిన తీగ, అంటే కాయిల్. ఆ ఒత్తి పనితీరు మన దీపం ఒత్తిదే: ద్రవాన్ని తనలోకి లాక్కుంటుంది, వేడి తగలగానే ఆవిరిగా వదులుతుంది. ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, రుచి. బ్యాటరీ 100 నుంచి 280 మిల్లీ ఆంపియర్ అవర్ల దాకా. ఈనాటి ఫోను బ్యాటరీ నాలుగైదు వేలు ఉంటుందని గుర్తుంచుకుంటే అది ఎంత చిన్నదో అర్థమవుతుంది. మధ్యాహ్నానికల్లా నీరసపడేది. నార్త్ కరోలినాలోని షార్లట్‌లో 2009లో మొదలైన ‘బ్లూ’ కంపెనీ దీనికి తెలివైన ఉపాయం కనిపెట్టింది. సిగరెట్ పెట్టె ఆకారంలో ఒక డబ్బా ఇచ్చి, అందులోనే ఇంకో బ్యాటరీ దాచింది. జేబులో డబ్బా ఉంటే చాలు, దానిలో పెట్టిన సిగరెట్టు చార్జ్ అవుతూ ఉండేది.

ఆనాటి కొత్తవాడు ఎవరు? ఇరవై, ముప్పై ఏళ్లుగా కాలుస్తూ, మానాలని పదిసార్లు ప్రయత్నించి విఫలమైన నడివయసు మనిషి. ఇది బొమ్మా, మందా, మత్తా అని అతనికి తెలియదు. ప్రభుత్వానికీ తెలియలేదు. ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇవి అనుమతి లేని మందు పరికరాలని చెప్పి రేవుల్లో సరుకు ఆపింది. ‘స్మోకింగ్ ఎవ్రీవేర్’ అనే కంపెనీ 2009లో కోర్టుకెక్కింది, ‘ఎన్‌జాయ్’ బ్రాండు అమ్మే సొటెరా కంపెనీ జతకలిసింది. 2010 డిసెంబరులో వాషింగ్టన్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది: రోగం కుదురుస్తుందని ప్రకటించి అమ్మితేనే మందు, లేకపోతే ఇది పొగాకు ఉత్పత్తి. ఆ ఒక్క తీర్పుతో అమెరికాలో ఈ-సిగరెట్ సిగరెట్ల అలమరాలోకి చేరింది. అమ్మేవాడు “మాన్పిస్తుంది” అనకూడదు, కొనేవాడు మాత్రం మానడానికే కొంటాడు. ఈ మెలిక ఈనాటికీ విడలేదు.

తీర్పు వచ్చే నాటికే బజారులో వస్తువు మారిపోతోంది. చైనాలోని జాయ్‌టెక్ కంపెనీ ‘ఈగో’ అనే కొత్త రకాన్ని వదిలింది. సిగరెట్టులా కనిపించాలన్న పట్టుదల వదిలేసి, బాల్‌పెన్ను కన్నా లావుగా, 650 నుంచి 1,100 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీతో వచ్చింది. సాయంత్రం దాకా ఆగుతుంది. 2011 నుంచి మూడు నాలుగేళ్లపాటు అమెరికాలో ‘స్టార్టర్ కిట్’ అంటే దాదాపు ఇదే. జిప్పు ఉన్న చిన్న సంచీ, అందులో రెండు బ్యాటరీలు, ద్రవం పోసుకునే రెండు ట్యాంకులు, ఒక యూఎస్‌బీ చార్జరు. బటన్‌ను గబగబా ఐదుసార్లు నొక్కితే ఆన్, మళ్లీ ఐదుసార్లు నొక్కితే ఆఫ్. జేబులో పొరపాటున నొక్కుకుని తీగ కాలిపోకుండా చేసిన ఏర్పాటు అది. రెండు బ్యాటరీలు ఎందుకంటే ఒకటి చార్జింగులో ఉండగా చేతులు ఖాళీ అయితే మనిషి మళ్లీ సిగరెట్ పెట్టె కొంటాడని. బ్యాటరీనీ ట్యాంకునీ కలిపే మరకు జాయ్‌టెక్ పాత మోడల్ పేరు మీద ‘510’ అనే నంబరు స్థిరపడింది. ఏ కంపెనీ ట్యాంకైనా ఏ బ్యాటరీకైనా బిగుస్తుంది. మొదటిసారి కొనేవాడికి ఇంతకుమించిన సౌకర్యం ఇంకేదీ దొరకలేదు. ఈ మొత్తం చరిత్రలో పాత కాపు కోసం నిజాయితీగా తయారైన సరుకు ఏదైనా ఉందంటే అది ఈ పెన్ను రకమే.

ఇక్కడే దారి రెండుగా చీలింది. కొందరికి ఈగో ఆవిరి చాలలేదు. టార్చిలైటు గొట్టాలు, స్విచ్చులు తెచ్చి సొంతంగా పరికరాలు చేసుకోవడం అప్పటికే మొదలైంది. మార్చి కట్టుకున్నది కాబట్టి వాటికి ‘మాడ్’ అని పేరు. ఆ గొట్టంలోకి దిగిన సెల్లు పేరు 18650.

దీన్ని దగ్గరగా చూడాలి. పేరులోనే కొలతలున్నాయి: 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా గుండ్రమని చెబుతుంది. లాప్‌టాప్ బ్యాటరీ విప్పితే లోపల వరుసగా కనిపించేవి ఇవే. టెస్లా కంపెనీ 2008లో అమ్మిన తొలి కారు రోడ్‌స్టర్‌లో ఇలాంటివి 6,831 ఉన్నాయి. సెల్లు ఒంటి మీద నంబరుకు ముందు మూడక్షరాలు ఉంటాయి. మొదటి అక్షరం లిథియం అయాన్, మూడోది గుండ్రం. అసలు గుట్టు నడిమి అక్షరంలో ఉంది. ‘ఐసీఆర్’ అంటే కోబాల్ట్: ఎక్కువసేపు ఆగుతుంది, కానీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే తట్టుకోలేదు. ‘ఐఎంఆర్’ మాంగనీసు: తక్కువసేపు ఆగుతుంది, గట్టిగా లాగినా ఓర్చుకుంటుంది. ‘ఐఎన్ఆర్’ నికెల్ కలిపిన మిశ్రమం, రెండు గుణాలూ కొంతకొంత. ‘ఐఎఫ్ఆర్’ ఇనుము, ఫాస్ఫేటు: వోల్టేజి 3.2 మాత్రమే, అన్నిటికన్నా భద్రం. మిగతావి మామూలుగా 3.7 వోల్టులు, నిండా చార్జ్ అయితే 4.2.

సెల్లును నిలబెట్టి చూస్తే పైన చిన్న బుడిపె ప్లస్. మిగిలిన డబ్బా మొత్తం, పైఅంచు దాకా, మైనస్. ఆ రెండిటి మధ్య అడ్డుగా ఉన్నవి ఒక పలచటి ఉంగరం, డబ్బా చుట్టూ ఉల్లిపొరలాంటి ప్లాస్టిక్ తొడుగు. తొడుగు గోటిమేర చిరిగినా చాలు. జేబులో తాళాల గుత్తి, చిల్లర ఉంటే ఆ లోహం ప్లస్‌నీ మైనస్‌నీ కలిపేస్తుంది. షార్ట్ సర్క్యూట్ అయి, లోపలి ద్రవం మండి, క్షణాల్లో తొడ కాలుతుంది.

కొత్తవాడు తెలుసుకోవలసిన లెక్క పదో తరగతి పాఠమే, ఓం సూత్రం. 4.2 వోల్టులను కాయిల్ నిరోధంతో భాగిస్తే సెల్లు మీద పడే కరెంటు వస్తుంది. ఈగో కాలపు 1.8 ఓముల కాయిల్ మీద రెండుంపావు ఆంపియర్లు దాటేది, ఏ సెల్లుకైనా సులువే. దట్టమైన మబ్బులు వదలాలన్న సరదాతో 0.2 ఓముల కాయిల్ చుట్టినవాడు 21 ఆంపియర్లు లాగుతున్నాడు. బజారులో పేరున్న శాంసంగ్ 25ఆర్ సెల్లు నిలకడగా ఇవ్వగలిగింది 20. సర్క్యూట్ ఏదీ లేని ఉత్త గొట్టం మాడ్‌లో ఈ తప్పును ఆపే దిక్కే లేదు. అంతకన్నా ఘోరం తొడుగు మార్చి, పెద్ద అంకెలు ముద్రించి అమ్మిన సెల్లులు. ఆ కాలంలో ఈ సైజులో మేలైన సెల్లు 3,000, 3,500 మిల్లీ ఆంపియర్ అవర్లు ఇస్తే గొప్ప. బజారులో 9,000 అని రాసినవీ దొరికాయి. రెండు సెల్లులు పట్టే పరికరాలు వచ్చాక అమెరికా షాపుల్లో ఒక ముచ్చటైన మాట పుట్టింది, ‘మ్యారీడ్ బ్యాటరీస్’ అని. రెండూ ఒకేరోజు కొనాలి, ఒకే పరికరంలో వాడాలి, ఒకేసారి చార్జ్ పెట్టాలి, ఎప్పుడూ విడదీయకూడదు. ఒకటి ముసలిదై ఇంకొకటి కొత్తదైతే బలహీనమైనదాని మీద భారం పడి అది పాడవుతుంది. పనికొచ్చే జ్ఞానం ఇలా షాపుల కౌంటర్ల దగ్గరే ఒకరినుంచి ఒకరికి పాకింది. చట్టం చాలా వెనక వచ్చింది.

అమెరికా అగ్నిమాపక విభాగం 2014 నివేదికలో ఈ పరికరాల ఆకారం గురించి ఒక హెచ్చరిక ఉంది: గొట్టం రూపం వల్ల సెల్లు పగిలినప్పుడు అది రాకెట్టులా ఎగిరే ప్రమాదం ఎక్కువ. 2017లో వచ్చిన రెండో నివేదిక 2009 నుంచి 2016 చివరి దాకా 195 సంఘటనలు లెక్కగట్టింది. 61 జేబులో ఉండగా, 60 వాడుతుండగా, 48 చార్జింగులో. 133 మంది గాయపడ్డారు, వారిలో 38 మందివి తీవ్ర గాయాలు. అప్పటికి చావు లేదు. 2018లో ఫ్లోరిడాలో, 2019 మొదట్లో టెక్సస్‌లో అదీ జరిగింది. 18650ని విడిగా కొని వాడొద్దని, అది పరికరాల్లో ప్యాక్‌గా బిగించడానికి మాత్రమే తయారైన సెల్లు అని వినియోగదారుల భద్రతా కమిషన్ 2021లో గట్టిగా చెప్పింది. పదేళ్లు ఆలస్యంగా.

చీలిన రెండో దారి సాన్‌ఫ్రాన్సిస్కో వైపు వెళ్లింది. స్టాన్‌ఫర్డ్‌లో డిజైన్ చదివిన ఆడమ్ బోవెన్, జేమ్స్ మాన్సీస్ 2015 జూన్‌లో ‘జూల్’ తెచ్చారు. బటన్ లేదు, మర లేదు, ఓములు లేవు. పెన్‌డ్రైవ్ అంత పరికరం, కొసన గుచ్చుకునే, ద్రవం నిండిన చిన్న పాడ్, అయస్కాంతంతో అతుక్కునే చార్జరు. బ్యాటరీ మళ్లీ సిగాలైక్ అంతే, రెండొందల ప్రాంతం. అంత చిన్న సెల్లుతో సరిపోవడానికి కారణం ద్రవంలో ఉంది. నికోటిన్‌ను ఆమ్లంతో కలిపి లవణంగా మార్చడంతో 5 శాతం గాఢత కూడా గొంతులో గుచ్చుకోకుండా దిగిపోయింది. మబ్బులు అక్కర్లేదు, రెండు దమ్ములు చాలు.

పాత కాపులకు ఇది నిజంగానే పనికొచ్చింది. కానీ నేర్చుకోవలసింది ఏమీ లేని వస్తువును అందరికన్నా త్వరగా నేర్చుకున్నది హైస్కూలు పిల్లలు. ఈగో కిట్టుకు ఓపిక కావాలి, మాడ్‌కు లెక్క కావాలి. జూల్‌కు నోరుంటే చాలు. జాతీయ సర్వేల్లో ఈ-సిగరెట్ వాడుతున్న హైస్కూలు విద్యార్థులు 2017లో 11.7 శాతం, 2018లో 20.8, 2019లో 27.5. 2018 డిసెంబరులో సర్జన్ జనరల్ జెరోమ్ ఆడమ్స్ దీన్ని మహమ్మారి అన్నాడు. అదే నెలలో మార్ల్‌బరో తయారుచేసే ఆల్ట్రియా కంపెనీ జూల్‌లో 35 శాతం వాటాను 1,280 కోట్ల డాలర్లకు కొన్నది. గిల్బర్ట్‌ను ఒక్క కంపెనీ కూడా పట్టించుకోని దేశంలో, యాభై ఏళ్ల తర్వాత, ఇంత ధర! ఈ ధర కట్టింది సిగరెట్ మానేవాళ్ల కోసం కాదని అనుకోవడానికి పెద్ద ఆధారాలు అక్కర్లేదు, ఆ సర్వే అంకెలు చాలు.

2019 డిసెంబరులో కొనుగోలు వయసు దేశమంతటా 21కి పెరిగింది. 2020 ఫిబ్రవరిలో పాడ్ల రుచులపై పట్టు బిగిసింది, పొగాకు, మెంథాల్ తప్ప. ఆ ఆంక్ష వాడి పారేసే రకాలను వదిలేసింది. ఆ సందులోంచి పఫ్ బార్, ఎల్ఫ్ బార్ లాంటివి వరదలా వచ్చాయి. ఇప్పుడు పెట్రోలు బంకు కౌంటర్ల దగ్గర మామిడి, పుచ్చకాయ బొమ్మలతో మెరిసేవి ఇవే. చాలావాటిలో చార్జ్ చేసుకోదగ్గ మంచి లిథియం సెల్లే ఉంటుంది. వారం తిరక్కుండా చెత్తబుట్టలో పడుతుంది. నికోటిన్ విషం ఒకవైపు, చెత్తలారీలో అంటుకోగల సెల్లు ఇంకోవైపు, అందుకే మామూలు చెత్తలో వేయొద్దని పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతోంది. ముగ్గురు నోబెల్ శాస్త్రవేత్తల జీవితకాలపు కృషి వారం రోజుల సరదా కోసం చెత్తలోకి పోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఎఫ్‌డీఏ మొదటిసారి 2021 అక్టోబరులో రేనాల్డ్స్ వారి ‘వ్యూస్ సోలో’ను అమ్ముకోనిచ్చింది. జూల్‌కు 2022లో కాదన్నది 2025 జులైలో ఔనన్నది. అనుమతి అంటే మంచిదని కితాబు కాదు, సిగరెట్ కాల్చే పెద్దవాళ్లకు కలగగల మేలు పిల్లలకు ఉండే ముప్పు కన్నా ఎక్కువని తేల్చడం మాత్రమే. కౌంటర్ మీద మెరిసేవాటిలో అధికభాగానికి అదీ లేదు. 2024 సర్వేలో వాడుతున్న హైస్కూలు విద్యార్థులు 7.8 శాతానికి దిగారు.

ఇంత చరిత్ర తర్వాత కొత్తవాడికి ఏది మంచిదని అడిగితే, ముందు కొత్తవాడు ఎవరో అడగాలి. సిగరెట్టే ముట్టనివాడికి సరిపోయే స్టార్టర్ కిట్ ఈ అరవై ఏళ్లలో ఎవరూ తయారుచేయలేదు, చేయలేరు. కాల్చేవాడైతే అమెరికాలో మొదట 1-800-784-8669కి ఫోన్ చేయాలి, మానడానికి ఉచితంగా సాయం చేస్తారు. అయినా కుదరక ఈ దారి పట్టినవాడు సెల్లు లోపలే బిగించిన, అనుమతి ఉన్న పరికరాన్ని, దానితో వచ్చిన చార్జరుతోనే, మెలకువగా ఉన్నప్పుడే చార్జ్ పెట్టుకోవాలి.

అమెరికా నుంచి సెలవులకు ఇంటికొచ్చే మన పిల్లలకు ఇంకో మాట. 2015 నుంచి అక్కడి విమానాల్లో ఈ-సిగరెట్టును చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. శంషాబాద్‌లో దిగాక చేతిసంచిలోనూ ఉండకూడదు. 2019 నాటి నిషేధ చట్టం ప్రకారం భారతదేశంలోకి దీన్ని తేవడమే నేరం. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంట్లో ఎవరైనా పొగాకు మానాలనుకుంటే ఇక్కడా ఉచిత ఫోన్ నంబరు ఉంది: 1800-112-356.